చమురు తెట్టు తీసే యంత్రాలు ఇన్ని ఉండగా ఇంకా పారలూ బకెట్లేనా?

తెరచాప (ప్రశ్న):

ట్యాంకరు పగిలిన ప్రతిసారీ అదే దృశ్యం. నల్లటి తెట్టు ఒడ్డుకు కొట్టుకొస్తుంది, జనం రబ్బరు బూట్లేసుకుని పారలతో, బకెట్లతో ఎత్తిపోస్తుంటారు. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలాక, మెక్సికో గల్ఫ్‌లో అది తవ్విన బావి దాదాపు మూడు నెలలు చమురు కక్కింది. అందులో నీటి మీది తెట్టును తీసే స్కిమ్మర్లనే యంత్రాలతో తీయగలిగింది 3 శాతం, నీటి మీదే తగలబెట్టింది 5 శాతం అని అమెరికా ప్రభుత్వమే లెక్క చెప్పింది. అన్ని వేల పడవలు దింపి, అంత డబ్బు పోసి, తీరా చూస్తే 3 శాతం!

అలాగని పరికరాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో వెండీ ష్మిట్ పేరుతో జరిగిన ఎక్స్ ఛాలెంజ్ పోటీలో గెలిచిన ఎలాస్టెక్ యంత్రం నిమిషానికి 4,670 గ్యాలన్ల చమురు తీసింది, తీసిన ద్రవంలో 89.5 శాతం చమురే. 2017లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల ప్రకటించిన ఓలియో స్పాంజి తన బరువుకు 90 రెట్ల చమురు పీల్చి, పిండితే మళ్లీ వాడకానికి వస్తుంది. నటుడు కెవిన్ కాస్ట్‌నర్ డబ్బు పెట్టి చేయించిన సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి నీటినీ చమురునూ విడగొట్టే యంత్రం) నిమిషానికి 200 గ్యాలన్లు వేరు చేస్తుందన్నారు, ఆ బావి కంపెనీ బీపీ 32 యంత్రాలకు ఆర్డరు కూడా ఇచ్చింది. చమురు తినే బాక్టీరియాకైతే శాస్త్రవేత్త ఆనంద్ చక్రవర్తి పేటెంటును అమెరికా సుప్రీంకోర్టు 1980లోనే సమర్థించింది.

ఇవన్నీ ఎక్కడికి పోయాయి? ఎవరైనా కావాలని తొక్కిపడుతున్నారా? నిజంగా పనికొచ్చే పరికరం చేసినవాడు ఏం చేస్తే దాన్ని సముద్రంలోకి దింపుతారు? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "వ్యవస్థే అంత" అనే సమాధానాలు వద్దు.


పంపుహౌస్:

తొక్కిపట్టడం సంగతి తర్వాత. ముందు ఒక గుణకారం చేద్దాం. సగం చిరాకు అక్కడ తీరుతుంది, మిగతా సగం ఇంకాస్త పెరుగుతుంది.

రెండు పడవలు నీటి మీద తేలుతూ తెట్టును ఆపే ఒక బూమ్‌ను యూ ఆకారంలో లాగుతున్నాయనుకోండి. నోటి వెడల్పు 20 మీటర్లు. వేగం 0.75 నాట్, అంటే సెకనుకు సుమారు 0.39 మీటర్లు. తెట్టు మందం 0.1 మి.మీ. మూడూ గుణిస్తే గంటకు 2.8 క్యూబిక్ మీటర్లు. బూమ్ కొసన ఎంత పెద్ద స్కిమ్మర్ పెట్టినా దానికి అందే చమురు అంతే. కొళాయి సన్నగా కారుతుంటే కింద చెంబు పెట్టినా గంగాళం పెట్టినా గంటకు వచ్చే నీళ్లు మారవు కదా.

ఇప్పుడు మీరు చెప్పిన 4,670 గ్యాలన్ల యంత్రాన్ని చూడండి. అది గంటకు 1,060 క్యూబిక్ మీటర్ల పైమాటే. పరీక్ష ట్యాంకులో దానికి చమురును మందంగా పేర్చి అందించారు. 0.1 మి.మీ. తెట్టులో, అదే వేగంతో దాని కడుపు నింపాలంటే ఏడున్నర కిలోమీటర్ల నోరున్న బూమ్ కావాలి. యంత్రం బ్రహ్మాండమైనదే, దాని ముందుకు చమురు తెచ్చి పెట్టేవాడే లేడు.

పోనీ 0.1 మి.మీ. అన్నిచోట్లా ఉంటుందా అంటే అదీ లేదు. గాల్లోంచి రంగు చూసి మందం అంచనా కట్టడానికి బాన్ ఒప్పందం (ఉత్తర సముద్ర కాలుష్యంపై కుదిరినది) దేశాలు వాడే పట్టిక ఉంది. వెండిలా మెరిస్తే 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). ఇంద్రధనుస్సు రంగులుంటే 0.3 నుంచి 5. లోహపు మెరుపుంటే 5 నుంచి 50. చమురు అసలు రంగు తునకలుగా కనిపిస్తే 50 నుంచి 200, ఎడతెగకుండా పరుచుకుని ఉంటే 200 పైన. టీవీలో అందంగా కనపడే ఇంద్రధనుస్సు తెట్టును చదరపు కిలోమీటరు మేర పూర్తిగా ఊడ్చినా దక్కేది 300 నుంచి 5,000 లీటర్లు. ఆ ఊడ్చే పడవలు తాగే డీజిలు కూడా గిట్టుబాటు కాకపోవచ్చు.

వేగం పెంచొచ్చుగా అంటారు. బూమ్‌కు అడ్డంగా తగిలే నీటి వేగం 0.7 నుంచి 1 నాట్ దాటితే చమురు బొట్లుగా తెగి అడుగు నుంచి జారిపోతుంది. బూమ్ కింద నీటిలో వేలాడే స్కర్ట్ లోతు పెంచితే లాగే బరువు పెరుగుతుందే తప్ప జారడం ఆగదు. దీనికి ఉన్న ఉపాయం బూమ్‌ను ఏటవాలుగా పెట్టడం. 3 నాట్ల వేగానికి కోణం సుమారు 13 డిగ్రీలకు దించాలి. 100 మీటర్ల బూమ్ వేసినా అప్పుడు నోరు 23 మీటర్లే, కానీ వేగం నాలుగు రెట్లు. ఇలా పనిచేసే వేగపు స్వీప్ వ్యవస్థలు మార్కెట్లో ఉన్నాయి. నా దృష్టిలో నిజంగా చిన్నచూపుకు గురైనవి ఇవే. ఫొటోలో చూస్తే నారింజరంగు గొట్టం తప్ప ఏమీ కనిపించదు, అందుకే పత్రికల్లో రాదు.

ఈ లెక్క పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి "ఎ వేల్" నౌక చాలు. 340 మీటర్ల తైవాన్ నౌకకు ముందు భాగంలో చీలికలు పెట్టి, రోజుకు 5 లక్షల బ్యారెళ్ల జిడ్డునీరు మింగుతుందని 2010 జులైలో మెక్సికో గల్ఫ్‌కు తెచ్చారు. పరీక్షలో చెప్పుకోదగ్గ చమురేమీ దొరకలేదు. అప్పటికే తెట్టు చెదిరి, పల్చని చారలుగా, ముద్దలుగా విడిపోయింది. అంత పెద్ద ఓడ చారల వెంట మెలికలు తిరగలేదు.

ఇక కోపం రావాల్సిన అసలు చోటు. అమెరికాలో స్కిమ్మర్ల సామర్థ్యాన్ని లెక్కగట్టడానికి చాలాకాలంగా ఉన్న సూత్రం ఇది: పంపు మీద రాసి ఉన్న గంట సామర్థ్యం × 24 × 0.2. గంటకు 240 క్యూబిక్ మీటర్ల పంపు పెడితే కాగితం మీద రోజుకు 1,152 క్యూబిక్ మీటర్లు తీస్తున్నట్టు. పైన వేసిన బూమ్ లెక్కలో పది గంటల పగటి వెలుగులో దొరికేది 28. నలభై రెట్ల తేడా! నోటి వెడల్పు, వేగం, తెట్టు మందం ఏవీ ఆ సూత్రంలో లేవు. అలాంటప్పుడు కంపెనీలు పెద్ద పంపులే కొంటాయి, మంచి బూమ్‌లు ఎందుకు కొంటాయి? తర్వాత ఎదురయ్యే చమురును కూడా పరిగణించే కాలిక్యులేటర్లు వచ్చాయిగానీ, ఆ పాత సూత్రం నీడలో కొన్న సామాను గోదాముల్లో అలాగే ఉంది.


మైక్రాన్:

స్పాంజి గురించి నా వంతు. "బరువుకు 90 రెట్లు" అబద్ధం కాదు, కాకపోతే ఆ సంఖ్య స్పాంజి ఎంత తేలికో చెబుతుంది, ఎంత గొప్పదో కాదు.

క్యూబిక్ మీటరుకు 10 కిలోలుండే నురగ తీసుకోండి. దాని రంధ్రాలన్నీ చమురుతో నిండితే 850–900 కిలోలు పడుతుంది. అక్కడికి 90 రెట్లు వచ్చేసింది. కానీ ఘనపరిమాణంలో చూడండి: ఒక క్యూబిక్ మీటరు స్పాంజి, ఒక క్యూబిక్ మీటరు చమురు. ఏ పదార్థంతో చేసినా, గ్రాఫీన్ అయినా, ఈ హద్దు దాటలేదు. వెయ్యి క్యూబిక్ మీటర్ల చమురుకు వెయ్యి క్యూబిక్ మీటర్ల స్పాంజి మోసుకెళ్లాలి, లేదా పది క్యూబిక్ మీటర్లను వందసార్లు పిండాలి. పిండే రోలరు, దాని మోటారు, పిండిన చమురు పట్టే ట్యాంకు... ఇంతా చేస్తే అది పాతకాలపు తాడు స్కిమ్మరే అవుతుంది. ఆ తాడు కూడా నూనెను ఇష్టపడే పీచే, అదీ రోలర్ల మధ్య పిండుకుంటూ తిరుగుతుంది.

ఇంకో చిక్కు. 25 మి.మీ. మందమున్న చదరపు మీటరు స్పాంజి 25 లీటర్లు పట్టగలదు. దాన్ని 0.1 మి.మీ. తెట్టు మీద పరిస్తే కింద ఉన్నది 100 మిల్లీలీటర్లు. నిండాలంటే 250 చదరపు మీటర్ల మేర ఈడ్చాలి. పంపుహౌస్ గారు చెప్పిన గుణకారమే వేషం మార్చుకుని మళ్లీ వచ్చింది.

ప్రయోగశాల వీడియోల్లో సాధారణంగా వాడేది రంగు కలిపిన వంటనూనె, డీజిలు, లేదా తాజా తేలిక చమురు. సముద్రంలో ఒకరోజు నానిన ముడిచమురు అలా ఉండదు. తేలిక భాగాలు ఎగిరిపోతాయి, అలలు నీటిని లోపలికి కలిపేస్తాయి, 70–80 శాతం నీరున్న గోధుమరంగు ముద్ద తయారవుతుంది. ఒక లీటరు చమురు నాలుగు లీటర్ల ముద్ద అవుతుంది. చిక్కదనం పదుల సెంటీపాయిజ్ (చిక్కదనపు కొలమానం) నుంచి పదివేలకో, ఇంకా పైకో పోతుంది. సన్నని రంధ్రాల స్పాంజిలోకి అది దిగదు, పైన మీగడలా అంటుకుంటుంది. డీజిలు, వంటనూనె ఇలాంటి గట్టి ముద్ద కట్టవు, ఎందుకంటే ముద్దను నిలబెట్టే ఆస్ఫాల్టీన్లు (ముడిచమురులోని బరువైన పదార్థాలు) వాటిలో లేవు. అందుకే ఆ వీడియోలు చూసి ఆశ పెట్టుకోవద్దు.

అలాగని పీల్చే సామాను పనికిరాదని కాదు. రాళ్ల సందుల్లో, రేవు గోడల వెంట, చివరి తుడుపుకు పాలీప్రొపిలీన్ షీట్లు బాగా పనిచేస్తాయి, తమ బరువుకు 10–15 రెట్లు పడతాయి. మోతాదు మించితే మాత్రం చెత్త కొండవుతుంది. 1999లో ఎరికా ట్యాంకరు మునిగినప్పుడు సముద్రంలో కలిసింది సుమారు 20,000 టన్నుల చమురు. ఫ్రాన్స్ తీరంలో పోగైన జిడ్డుచెత్త 2 లక్షల టన్నుల పైనే. ఇసుక, నాచు, చేతితొడుగులు, షీట్లు అన్నీ అందులోవే.


సెటిలింగ్ ట్యాంక్:

పంపుహౌస్ గారి లెక్క ఒప్పుకుంటాను, కానీ అది కథలో సగమే. మొదటి గంటల్లో, బావికో ఓడకో దగ్గర్లో, తెట్టు మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. అప్పుడు పని ఆగేది చమురు అందక కాదు, పట్టే చోటు లేక.

పడవలో 100 క్యూబిక్ మీటర్ల ట్యాంకు ఉందనుకోండి. అలల్లో వియర్ స్కిమ్మరు (పైపొరను అంచు మీదుగా లోపలికి పొర్లించుకునే రకం) లాగే ద్రవంలో తరచుగా 90 శాతం నీరే. గంటకు 50 క్యూబిక్ మీటర్లు తోడితే రెండు గంటల్లో ట్యాంకు నిండింది, చేతికి చిక్కిన చమురు 10. తర్వాత రేవుకు వెళ్లి, ఖాళీ చేసి, తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతుంది. తెట్టు ఇంకో చోటికి పోయి ఉంటుంది.

దీనికి మందు చాలా చవక: నిలవనివ్వడం. 30 నుంచి 60 నిమిషాలు కదపకుండా ఉంచితే విడిగా ఉన్న నీరు అడుక్కు చేరుతుంది. అడుగు వాల్వు తెరిచి ఆ నీటిని బూమ్ లోపలే, స్కిమ్మరుకు ముందు వదలాలి. అందులో కాస్త చమురు పోయినా మళ్లీ స్కిమ్మరు నోట్లోకే వస్తుంది. అడ్డొచ్చేది నిబంధన. ఓడల ఇంజన్‌రూమ్ నీటికి మార్‌పోల్ (ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం) పెట్టిన హద్దు 15 పీపీఎం, అంటే పది లక్షల్లో 15 వంతులు. గంట నిలవుంచిన నీరు ఆ హద్దుకు దిగదు. చమురుతో నిండిన సముద్రంలోకే ఆ నీటిని తిరిగి వదలడానికి కూడా అధికారి అనుమతి కావాలి. ఆ అనుమతిని ముందే అత్యవసర ప్రణాళికలో రాసుకున్నచోట పని సాగుతుంది. ప్రమాదం జరిగాక అడిగితే కాగితం కదిలేలోపు ముద్ద గట్టిపడుతుంది. మూలన పడ్డ టెక్నాలజీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ అడుగు వాల్వే.

సెంట్రిఫ్యూజ్ విషయం. నిమిషానికి 200 గ్యాలన్లు అంటే గంటకు 45 క్యూబిక్ మీటర్లు, మంచి సంఖ్యే. అయితే అది సేకరించే యంత్రం కాదు, వేరు చేసే యంత్రం. ముందు స్కిమ్మరు ఉండాల్సిందే. పైగా వేరుపడే వేగం నీటికీ చమురుకీ మధ్య సాంద్రత తేడా మీద, నీటిబొట్టు వ్యాసం వర్గం మీద, చిక్కదనం మీద ఆధారపడుతుంది. సముద్రపు నీటి సాంద్రత 1.025. తాజా చమురు 0.85 అయితే తేడా 0.175. ఎండకు, గాలికి ముదిరి 0.97కు చేరితే తేడా 0.055, అంటే మూడో వంతు. చిక్కదనం 10 నుంచి 10,000 సెంటీపాయిజ్‌కు పెరిగితే వేగం మళ్లీ వెయ్యో వంతుకు పడిపోతుంది. గురుత్వానికి వెయ్యి రెట్ల బలంతో తిప్పితే ఆ చిక్కదనానికి మాత్రమే చెల్లు. ముద్దలోని నీటిబొట్లు కొన్ని మైక్రాన్లే కాబట్టి ఇంకా బాకీ మిగులుతుంది. అందుకే వేడి, డీమల్సిఫయరు (ముద్దలోని నీటిని విడగొట్టే మందు) కావాలి. గట్టి ముద్దకు మొత్తం పరిమాణంలో 0.1 నుంచి 0.5 శాతం డీమల్సిఫయరు వేస్తారు, బలహీనమైనదైతే 80 డిగ్రీల వరకు వేడిచేసినా విడిపోతుంది. మందును ట్యాంకులో పోసి కలిపేకంటే పంపు ముందు గొట్టంలో ఎక్కిస్తే మేలు, పంపే బాగా కలిపిపెడుతుంది.

పంపు అనగానే ఇంకో మాట. చిక్కటి ముద్దకు సెంట్రిఫ్యూగల్ పంపు పెట్టకండి. ఒకటి, అది లాగలేదు. రెండు, లాగినా చిలికి చిలికి ముద్దను ఇంకా గట్టి చేస్తుంది. ఆర్కిమెడిస్ స్క్రూ రకం పంపే సరైనది. గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతే గొట్టం గోడ చుట్టూ పల్చని నీటి పొర ఎక్కించే రింగు పెట్టండి, ముద్ద నీటిపొర మీద జారుకుంటూ పోతుంది.


తెరచాప:

చిరాకు పోలేదుగానీ దిక్కు మారింది. రెండు సందేహాలు. బాక్టీరియా గురించి ఎవరూ ఎత్తలేదు. రెండోది, కొత్త స్కిమ్మరు నమూనా ఉన్నవాళ్లు పెద్ద ట్యాంకుకు వెళ్లేముందు చిన్నగా ఎలా పరీక్షించుకోవాలి?


మైక్రాన్:

బాక్టీరియా సంగతి చిన్నదే. చక్రవర్తి గారి సూడోమోనాస్ బాక్టీరియా సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో చట్టచరిత్రకెక్కింది, సముద్రంలోకి మాత్రం వదల్లేదు. వదలాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఆల్కానివొరాక్స్ లాంటి చమురు తినే జీవులు సముద్రంలో ముందే ఉన్నాయి, తెట్టు పడగానే వాటంతటవే పెరుగుతాయి. వాటికి కరువు నత్రజనికీ భాస్వరానికీ, ఇసుక లోపలైతే ఆక్సిజన్‌కూ. అందుకే 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకరు ప్రమాదం తర్వాత అలాస్కా తీరంలో చల్లింది సూక్ష్మజీవులను కాదు, ఎరువును. పైగా అవి చమురును అంచునుంచే కొరుకుతాయి. మందపాటి ముద్దకు బరువుతో పోలిస్తే అంచు తక్కువ, కాబట్టి వారాలు, నెలలు పడుతుంది. ఒడ్డున మిగిలిన మరకకు సరే, తేలుతున్న తెట్టుకు కాదు.


పంపుహౌస్:

చిన్న పరీక్ష ఇలా చేయండి. ముడిచమురుతో బెంజీన్ ఆవిర్లొస్తాయి, కొన్ని రకాల్లో హైడ్రోజన్ సల్ఫైడూ ఉంటుంది. గాలి ఆడే చోట, నైట్రైల్ తొడుగులతో, నిప్పుకు దూరంగా.

మొదట చమురును ముదరబెట్టాలి. వెడల్పాటి పళ్లెంలో పోసి, బరువు 15–20 శాతం తగ్గేదాకా గాలి తగలనివ్వండి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలపండి. 250 మి.లీ. చమురులో 750 మి.లీ. ఉప్పునీటిని కొద్దికొద్దిగా పోస్తూ చిలకండి. ఆ ముద్దను కొలజాడీలో 24 గంటలు ఉంచాలి. అడుగున నీరు ఊరకపోతే నిలబడే ముద్ద వచ్చినట్టే. ఊరితే ఆ చమురు మీ పరీక్షకు పనికిరాదు, వేరే రకం తీసుకోండి.

తర్వాత చదరపు మీటరు తొట్టి. ఇందులో లెక్క సులువు: ఒక లీటరు పోస్తే 1 మి.మీ. మందం, 100 మి.లీ. పోస్తే 0.1. తాజా చమురుతో రెండు మందాల్లోనూ, ఆ తర్వాత ముద్దతోనూ నడపండి. ముద్ద పల్చగా పరుచుకోదు, తునకలుగానే తేలుతుంది, సముద్రంలోనూ అంతే. ప్రతిసారీ రెండు సంఖ్యలు రాసుకోవాలి: నిమిషానికి తీసిన చమురు, తీసిన మొత్తం ద్రవంలో చమురు శాతం. ఒకటే చూపించి రెండోది దాచిన బ్రోషరును ఎవరూ నమ్మరు. చమురు శాతం లెక్కేటప్పుడు అరగంట నిలవుంచి విడినీరు తీసేస్తే చాలదు, ముద్ద లోపలి నీటిని కూడా వేడితోనో చిన్న సెంట్రిఫ్యూజ్ గొట్టంలోనో విడగొట్టి తీసివేయాలి. చాలామంది ఇక్కడే తమను తాము మోసం చేసుకుంటారు.

ఆపై తొట్టిలో చెత్త వేయండి: గుప్పెడు గడ్డి, తాడు ముక్కలు, ప్లాస్టిక్ సంచి పీలికలు. తిరిగే డిస్కు, దాన్ని గీకే బ్లేడు ఉన్న యంత్రమైతే పీలిక బ్లేడు కింద దూరి డిస్కును తడిగా వదిలేస్తుంది. ఆగిన యంత్రాన్ని తొడుగులేసుకున్న చేతులతో, పానా లేకుండా, ఎన్ని నిమిషాల్లో విప్పగలరో గడియారం పెట్టి చూడండి. కొనేవాడు ముందు అడిగేది అదే.


సెటిలింగ్ ట్యాంక్:

ఆ సంఖ్యలు చేతికొచ్చాక దారి ఇది. స్కిమ్మర్ల సామర్థ్యాన్ని కొలవడానికి ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) ఎఫ్2709, పీల్చే పదార్థాలకు ఎఫ్726 ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం చేయని పరీక్షను మీ ఫలితాల పట్టికలో రాయొద్దు. పెద్ద ట్యాంకు కావాలంటే అమెరికాలో న్యూజెర్సీలోని ఓమ్‌సెట్ ఉంది: 203 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, ఉప్పునీరు, అలల యంత్రం, 6.5 నాట్ల దాకా లాగే వంతెన. ప్రైవేటువాళ్లూ అద్దెకు తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ దగ్గర సెడ్రే సంస్థకూ పరీక్ష కొలనులున్నాయి.

చాలామంది చేసే తప్పు, ప్రమాదం జరిగిన రోజు తలుపు తట్టడం. 2010లో బీపీకి జనం పంపిన ఆలోచనలు 1,20,000 పైచిలుకు, సముద్రంలో పరీక్షించినవి వంద దాకా. ఆ గోలలో మంచిదీ చెడ్డదీ ఎవరూ విడదీయలేరు. పరికరాలు కొనేది చమురు ప్రమాదాలకు స్పందించే సంస్థలు, అదీ ఏ గొడవా లేని ఏడాదుల్లో, ఆ ఏడాది బడ్జెట్లో. మెరుగైన వస్తువు అలా లోపలికి వెళ్లిన సందర్భం కూడా ఉంది. స్కిమ్మరులో తిరుగుతూ చమురును అంటించుకునే నున్నటి డ్రమ్ముకు బదులు గాళ్లు చెక్కిన డ్రమ్ము రెండు మూడు రెట్ల చమురు పైకి తెస్తుందని శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓమ్‌సెట్‌లో చూపించారు. అలాంటి గాళ్ల డిస్కులతోనే ఎలాస్టెక్ 2011 పోటీ గెలిచింది. అది ఎందుకు దూరగలిగిందంటే, పాత స్కిమ్మరులో పాత డ్రమ్ము తీసి కొత్తది బిగిస్తే సరిపోయింది. పంపు మారలేదు, గొట్టం మారలేదు, సిబ్బందికి కొత్తగా నేర్పాల్సిందీ లేదు.

కాబట్టి మీ నమూనా ఇప్పటికే ఉన్న, నూనె ఒత్తిడితో యంత్రాలు నడిపే హైడ్రాలిక్ పవర్‌ప్యాక్‌తో నడిచేలా, వాళ్ల గొట్టాల కప్లింగులకే తగిలేలా, 20 అడుగుల కంటైనరులో పట్టేలా ఉందా అన్నది ముందు చూసుకోండి.


తెరచాప:

పాత యంత్రానికి తగిలించే భాగంగా చేయడం అన్న ఆలోచనే రాలేదు. గాళ్ల డ్రమ్ముకు చెత్త అడ్డం పడకుండా ముందు జల్లెడ పెడితే ఎలా ఉంటుంది?


పంపుహౌస్:

పెట్టొచ్చు, కానీ సన్నని కన్నుల జల్లెడ పెడితే ముద్ద అక్కడే ఆగిపోతుంది. నిలువు కడ్డీలు పెట్టండి, మధ్య ఎడం 30–40 మి.మీ.తో మొదలుపెట్టి తొట్టిలో చూసి సరిచేసుకోండి. అడ్డకడ్డీలు వద్దు, నాచు వాటికి చుట్టుకుంటుంది. కడ్డీలు కింద ఖాళీగా, పైన మాత్రమే బిగించి ఉంటే పట్టిన చెత్తను గడకర్రతో కిందికి తోసేయొచ్చు, యంత్రం ఆపక్కర్లేదు.